తేలికైన డ్రైవరు

లీటరు పెట్రోలుతో ఎవరి బండి ఎక్కువ దూరం పోతే వాళ్లదే గెలుపు. ఆ పోటీ కోసం వెల్డరు తన షెడ్డులో మూడు చక్రాల బండి ఒకటి తయారుచేశాడు. మనిషి పడుకుని నడపాల్సినంత సన్నటి బండి అది. సీటు దిండు తీసేశాడు, బోల్టుల్ని కూడా తొలిచి బరువు తగ్గించాడు. నడిపేది అతని చెల్లెలు. ప్రతి ఆదివారం ఆమెను కాటా మీద నిలబెట్టేవాడు. నలభై ఎనిమిది కిలోల పిల్ల రెండు నెలల్లో నలభై మూడుకు వచ్చింది. ముల్లు దిగినకొద్దీ అతని మొహం వెలిగిపోయేది.

"ఏం తింటున్నావే, గాలా?" అని నవ్వేవాడు.

"ఆకలెయ్యట్లేదు అన్నయ్యా."

"మంచిదేగా. ఇంకో కిలో తగ్గితే మనకి తిరుగులేదు."

పోటీలో వాళ్లే గెలిచారు. అందరూ చప్పట్లు కొడుతుంటే చెల్లెలు బండిలోంచి లేవలేకపోయింది. అతనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కడుపులో క్యాన్సర్ బాగా ముదిరిపోయిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఇంతలా చిక్కిపోతుంటే ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని అడిగింది.

"చూశానండీ. వారం వారం నేనే చూశాను," అన్నాడతను.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "ఒంట్లో బాలేదని ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు చెల్లెలితో.

"నాన్న పోయాక నువ్వు అంత సంతోషంగా ఉండటం అప్పుడే చూశాను. చెప్పబుద్ధి కాలేదు అన్నయ్యా."

ఆమె మరో నలభై రోజులు బతికింది. అన్నాళ్లూ అతను షెడ్డు తలుపు తియ్యలేదు. జావ గిన్నె పట్టుకుని, ఇంకొక్క చెంచా తాగమ్మా అని బతిమాలుతూ కూర్చున్నాడు.