బొట్టు పెట్టించుకున్న డ్రైవరు

నేను ఒక ఆటను. చేత్తో పట్టుకుందామంటే దొరకను, చెత్తలో పారేద్దామన్నా దొరకను. నెట్‌లో పుట్టాను, ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు నా చిరునామా కొడితే 'ఈ పేజీ దొరకలేదు' అని వస్తుంది. ఆ దొరకనిదాన్ని నేనే.

టీవీలో 'బోల్టు బాబాయి' అని ఒక కార్టూన్ వచ్చేది. మీసాలకు గ్రీజు రాసుకునే ఆ బాబాయి పాత ఇనుముతో రోబోలు చేసి ఊరి మీదికి వదిలేవాడు. పిల్లలు కార్టూన్ అయిపోయాక కూడా బాబాయిని వదలకూడదని ఛానల్‌వాళ్లు నన్ను తయారుచేశారు. నన్ను తెరిస్తే బాబాయి షెడ్డు కనిపిస్తుంది. తలకాయ ఎంచుకో, మొండెం తగిలించు, చేతులు బిగించు, గొంతు రికార్డు చెయ్యి, 'ఈ రోబో ఏం పని చేస్తుంది?' అన్నచోట జవాబు రాసి బాబాయికి పంపు. బ్రహ్మదేవుడికి కూడా ఇంత సుఖం లేదు. ఆయన రాసింది ఆయనే చెరపలేడు. నా దగ్గర మాత్రం కింద మూలన 'చెరిపెయ్' అని ఎర్ర మీట ఉండేది.

పిల్లలు నా చేత చేయించిన చాకిరీ ఏమని చెప్పను! మూడు తలలు, తలకో టోపీ. ఏం పని చేస్తుందంటే నూటికి తొంభైమంది 'హోంవర్కు' అని రాసేవారు. మిగతావాళ్లు 'అక్క జడ లాగుతుంది' అని. ఒక పెద్దమనిషి తన కొడుకు పేరుతో వచ్చి 'మా మేనేజరును ఎత్తి కాలవలో పడేస్తుంది' అని రాసి వెళ్లాడు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత నవ్వే ఓపిక కూడా పోయింది. కార్టూన్ పాతబడింది, బాబాయి బోల్టులు వదులయ్యాయి. దసరా సాయంత్రం ఆరింటికి చివరి భాగం, దాంతో నన్నూ తీసేస్తామని ప్రకటించారు. అంతలోపు పంపినవాటిలో ఒక రోబోను బాబాయి నిజంగా తయారుచేస్తాడట. 'నిజంగా' అంటే బొమ్మలోనే అని మీకు తెలుసు, నాకు తెలుసు. తాడేపల్లిగూడెంలో మూడో తరగతి చదివే ప్రవల్లికకు తెలియదు.

ప్రవల్లిక నాన్న ఏడుకొండలు లారీ డ్రైవరు. ఉల్లిపాయల లోడుతో ఒడిశా బయల్దేరాడంటే వారందాకా మనిషి కనబడడు. ఇంట్లో ఉన్నది ఆయన ఫోనొక్కటే. అదీ ఆయనతోపాటే వెళ్తుంది, నేనూ దాంతోపాటే. దసరా నాడే మళ్లీ ప్రయాణం. అందుకని ఆ పిల్ల పొద్దున్నే కూర్చుని, హెడ్‌లైట్ల కళ్లూ లావుపాటి చేతులూ ఉన్న రోబోను చేసింది. జవాబు దగ్గర 'లారీ నడుపుతుంది. నాన్న ఇంట్లో ఉంటాడు' అని రాసింది.

ఏడుకొండలు అది చదివి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఓసి నీ! నా పొట్ట కొడతన్నావేంటే?"

"దానికి అన్నం పెట్టక్కర్లేదు నాన్నా."

"అందుకే ఓనరు దాన్నే పెట్టుకుంటాడు. నన్ను పొమ్మంటాడు."

"పొమ్మంటే ఇంటికేగా వస్తావు!"

ఏడుకొండలు తాళ్లు బిగించే పనుందని లారీ ఎక్కాడు.

అప్పటికే ఏడుకొండలు తల్లి సూరాయమ్మ లారీకి పూజ మొదలుపెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అద్దానికి, స్టీరింగుకి, జాకీకి, పానాలకు వరసగా బొట్లు పెడుతోంది. బాబాయికి పంపేముందు ప్రవల్లిక ఫోను తెచ్చి జాకీ పక్కన పెట్టింది.

"నానమ్మా, నా డ్రైవరుకి కూడా బొట్టు పెట్టవా?"

సూరాయమ్మ కాదనే మనిషి కాదు. తడి కుంకుమలో వేలు ముంచి, రోబో పాదమనుకుని కింద మూలన ఒక బొట్టు పెట్టింది. అది 'చెరిపెయ్' మీద పడింది. 'నిజంగా చెరపనా?' అని తెర మధ్యలో అడిగాను. రెండో బొట్టు సరిగ్గా అక్కడున్న 'అవును' మీద పెట్టి దణ్ణం కూడా పెట్టింది. ముట్టుకుంటే మాట వినే జాతి నాది, ఏం చేస్తాను? అంత భక్తిగా నన్నెవరూ ఆజ్ఞాపించలేదు.

"నా డ్రైవరేడీ? నానమ్మా, చంపేశావ్!" పిల్ల ఏడుపు అందుకుంది.

"అయ్యయ్యో! బొట్టేగదే పెట్టింది!"

లారీ మీంచి ఏడుకొండలు కేకేశాడు. "నేనొచ్చాక మళ్లీ చేద్దువుగానిలే. లోడు లేటైపోద్ది."

"సాయంత్రం దాటితే బాబాయి తీసుకోడు నాన్నా!"

సూరాయమ్మ మనవరాలి మొహం చూసింది, లారీ చూసింది. "ఆగరా. వర్జ్యం ఉంది."

"దసరా నాడు వర్జ్యమేంటే?"

"పంచాంగం నువ్వు చదివావా, నేను చదివానా?"

"నీకు చదవటమే రాదు కదమ్మా!"

"వినటం వచ్చుగా. గంట ఆగు."

ఆ గంటలో నా షెడ్డులో మళ్లీ ఇనుము మోగింది. తల, మొండెం, చేతులు, కళ్లు తొందరగానే కుదిరాయి. గొంతు దగ్గర ప్రవల్లిక ఫోను నానమ్మ నోటి దగ్గర పెట్టింది. "చెరిపింది నువ్వేగా, నువ్వే మాట్లాడు. డ్రైవరుకి ఏం చెప్తావో అది చెప్పు."

సూరాయమ్మ గొంతు సవరించుకుంది. "ఒరేయ్ ఏడుకొండలూ, కళ్లు మూతలు పడతంటే బండి పక్కకి తియ్యరా. ఉల్లిపాయలు ఎక్కడికీ పారిపోవు."

"నానమ్మా, డ్రైవరు రోబో! నాన్న కాదు!"

"డ్రైవరెవడైనా ఒకటేనే."

పిల్ల పంపేసింది. 'అందింది' అని చూపించాను. అబద్ధం కాదు, అందింది. అందినవి పడే పెట్టె తెరిచి చూడాల్సిన ఉద్యోగి మాత్రం ఎప్పుడో మానేసి వెళ్లిపోయాడు. ఆ సంగతి చెప్పే మీట నాలో పెట్టలేదు. సూరాయమ్మ వర్జ్యం వెళ్లిపోయిందని ప్రకటించింది. నిమ్మకాయలు చితికాయి, లారీ కదిలింది. నాన్న రేపే తిరిగొచ్చేస్తాడన్నట్టు ప్రవల్లిక ఎగిరెగిరి చెయ్యి ఊపింది.

తుని దాటేసరికి ఎండా, తిన్న అన్నమూ కలిసి ఏడుకొండలు రెప్పల మీద కూర్చున్నాయి. డీజిల్ బంకు దగ్గర ఆపి టీ తాగాడు. నిద్ర కదల్లేదు. టీ గ్లాసు ఇచ్చేసి, మళ్లీ సీట్లో కూర్చుని, బండి తీసేముందు కూతురు చేసిన డ్రైవరును ఒకసారి చూద్దామని ఫోను తీసి నన్ను తెరిచాడు. బొమ్మ మీద నొక్కాడు. తల్లి గొంతు వినబడింది. నవ్వాడు. మళ్లీ నొక్కాడు. ఈసారి నవ్వలేదు. లారీని బంకు వెనక వేపచెట్టు నీడకు తీసి, తాళమూ ఫోనూ జేబులో వేసుకుని, సీటు వెనక బల్ల మీద పడుకున్నాడు.

చివరి భాగంలో బాబాయి ఎవరి రోబోను తయారుచేశాడో నేను చూడలేదు. ఆ సమయానికి ఏడుకొండలు జేబులో ఆయన గురక వింటూ ఉన్నాను. ఆరయింది. షెడ్డు మూసేశారు. నాకూ నిద్రొస్తోంది కాబట్టి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. నా దగ్గర తయారైన ఇన్ని రోబోల్లో, రాసిన పని చేసింది ఒక్కటీ లేదు. ఆ పిల్ల డ్రైవరు కూడా లారీ నడపలేదు.

ఆపింది.