రెండో వరుస

“ఏం నొక్కినవ్?” అన్నాడు సతీష్ దుకాణం గదిలోకి వస్తూనే.

సుకన్య ఏమీ నొక్కలేదు. నూకల బస్తాలకు బిల్లు కొడుతుంటే తెర నీలంగా మారి ఆగిపోయింది. లోపల పొయ్యి మీద పప్పు ఉంది. ఒక చెవి అటు, ఒక కన్ను ఇటు పెట్టి పనిచేయడం ఆమెకు ఆరేళ్ల అలవాటు. కంప్యూటర్ ఆగినప్పుడల్లా ఆ ప్రశ్న ఆమెకే వస్తుంది. అది నడిచినన్నాళ్లూ ఎవరు నడుపుతున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

మిర్యాలగూడలో వాళ్లది తౌడు, నూకల వ్యాపారం. మిల్లుల దగ్గర కొని కోళ్ల ఫారాలకు అమ్ముతారు. ముందు గది దుకాణం, వెనక గోదాం, మధ్యలో ఇల్లు. బిల్లులు, జీఎస్టీ, లారీల కాగితాలు అన్నీ సుకన్యే చూస్తుంది. పెళ్లికి ముందు ఆమె సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు బస్సులో వెళ్లివచ్చింది. ఒకరోజు అత్త గోపమ్మ అన్నం వడ్డిస్తూ, “ఇంట్ల దుకాణం ఉండంగ బయట నౌకరేంది బిడ్డా, మనకేం తక్కువైందని మంది అనుకోరా” అంది. సతీష్ కంచంలోంచి తలెత్తలేదు. మరుసటి నెల నుంచి ఆమె కాలేజీకి పోలేదు. దుకాణం పని మీద కూర్చుంది. జీతం మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే సతీష్ “ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది” అంటాడు. అలా అనేటప్పుడు కూడా ఆమె అతని వెనక కూర్చుని బిల్లు కొడుతూనే ఉంటుంది.

ఆ కంప్యూటర్‌ను రెండు విధాలుగా తెరవవచ్చు. స్విచ్ వేయగానే నల్ల తెర మీద రెండు వరుసలు వస్తాయి. మొదటిది విండోస్, దుకాణం బిల్లులది. రెండోది లైనక్స్. అదీ విండోస్ లాంటిదే, ఉచితంగా దొరుకుతుంది కనుక రెండేళ్ల కిందట సుకన్య తానే ఎక్కించుకుంది. కాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే మొదటి వరుసే తెరుచుకుంటుంది. అలా అమర్చింది కూడా ఆమే, ఆయనకు ఇబ్బంది కాకూడదని. తనది తెరవాలంటే ఆ కాసేపట్లోనే వచ్చి బాణం గుర్తు నొక్కాలి. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఒక్కోసారి సమయం దాటిపోయేది. మళ్లీ ఆపి, మళ్లీ వేసేది.

రెండో వరుసలో ఆమె పాఠాలున్నాయి. తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో కంప్యూటర్ సైన్సు తీసుకున్న ఆడపిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే బెదిరిపోయి ఎలా వెనకబడతారో ఆమెకు తెలుసు. తన ఊరు ఆత్మకూరు నుంచి తను కూడా అలాగే వచ్చింది. వాళ్లకోసం తెలుగులో వీడియోలు చేసింది. మధ్యాహ్నం సతీష్ నిద్రపోయాక తలుపు వేసుకుని చెప్పేది. లారీ హారన్లు, హమాలీల కేకలు, మధ్యలో గోపమ్మ “సుకన్యా” అని పిలిచిన పిలుపులు, ఇవన్నీ కత్తిరించడమే సగం పని. కోదాడలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు సోమవారం ఆ వీడియోలు తెచ్చి చూపించమన్నారు. నచ్చితే ఆ రోజు నుంచే క్లాసులు. సతీష్‌కు ఇంకా చెప్పలేదు. ముందే చెబితే వారం రోజులు మాటలు పడాల్సి వస్తుందని, ఆదివారం చెబుదామనుకుంది. ఇవాళ శుక్రవారం.

విండోస్ మళ్లీ తనే ఎక్కిస్తానంది సుకన్య. “ఉన్నదాన్ని ఇంకింత చెడగొట్టుడెందుకు” అని సతీష్ దానియేలుకు ఫోన్ చేశాడు. దానియేలుకు కోదాడలో కంప్యూటర్ దుకాణం ఉంది. మిర్యాలగూడ మిల్లులకు కెమెరాలు బిగించడానికి వస్తుంటాడు. సతీష్‌కు హమాలీల మీద అనుమానం. గోదాం కెమెరాల రికార్డింగు నెలదాకా దాచాలని ఎప్పటినుంచో అంటున్నాడు. ఆ పని కూడా ఇవాళే చేయించాలనుకున్నాడు.

దానియేలు వచ్చి ముందుగా, బిల్లులు ఇంకెక్కడన్నా దాచారా అని అడిగాడు. సతీష్ సుకన్య వైపు చూశాడు. ఆమె అల్మారాలోంచి పెన్ డ్రైవ్ తెచ్చింది. ప్రతి సాయంత్రం బిల్లులన్నీ దాంట్లోకి ఎక్కిస్తుంది. తన పాఠాలు కూడా ఎక్కడన్నా దాచాలని అనుకుంటూనే ఉంది. వీడియోలకు పెద్ద డిస్కు కావాలి. కొనమని ఆయన్ను అడగాలి. అడగడం వాయిదా వేస్తూ వచ్చింది. ఆ పెన్ డ్రైవ్ దానియేలు చేతిలో పెడుతున్నప్పుడు ఆమెకు అర్థమైంది. ఈ ఇంట్లో తన పనిని లెక్కలోకి తీసుకోనివాళ్లలో తను కూడా ఉంది.

ఆమె చాయ్ తెచ్చేసరికి డిస్కులోని భాగాలు తెర మీద కనిపిస్తున్నాయి.

“అన్నా, గీడ ఇంకోటున్నది. నిండుగనే ఉన్నది. ఉంచాల్నా?” అన్నాడు దానియేలు.

“ఏముంటది దాంట్ల. మీ అక్క టైంపాస్‌కు ఏదో పెట్టుకున్నది. తీసెయ్, కెమెరాలకు జాగైతది.”

సుకన్య కప్పులు బల్ల మీద పెట్టింది. “అవి నా పాఠాలు. తీయకుండ్రి. డిస్కు తెచ్చుకొని కాపీ చేసుకుంట, రేపటిదాక ఆగుండ్రి.”

“బయట లారీ నిలబడ్డది. పాఠాలు యూట్యూబ్‌ల బొచ్చెడున్నయి. నువ్వు చెప్తెనే వింటరా?”

దానియేలు మౌస్ వదిలేశాడు. “అక్క ఉంచమంటున్నది గదన్నా.”

సతీష్ నవ్వాడు. “ఎవరి మాట వినాల్నో నీకు కూడ నేర్పాల్నా తమ్మీ” అని అతని భుజం మీదుగా వంగి తనే నొక్కాడు. ఇందులో ముఖ్యమైన ఫైళ్లు ఉండవచ్చు, తీసేస్తే పోతాయి అని కంప్యూటర్ హెచ్చరించింది. సతీష్ అది చదవలేదు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత చాయ్ తాగాడు, చక్కెర తక్కువైందన్నాడు.

అరగంటలో విండోస్ ఎక్కింది. దానియేలు పెన్ డ్రైవ్‌లోంచి బిల్లులు దింపాడు. సతీష్ కుర్చీ చూపిస్తే సుకన్య కూర్చుని లారీకి బిల్లు కొట్టింది. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. తన చేతులు అలా పనిచేసుకుపోవడం చూసి ఆమెకు భయం వేసింది. రేపు, ఎల్లుండి, పదేళ్ల తర్వాత కూడా ఇవి ఇలాగే పనిచేస్తాయి, లోపల ఏం పోయినా సరే.

సతీష్ లారీని తూకం వేయించడానికి కాంటాకు వెళ్లాడు. దానియేలు వైర్లు చుడుతూ, ఆమె వైపు చూడకుండా చెప్పాడు. తీసేసిన జాగాను ఇంకా దేంట్లోనూ కలపలేదట. దాని మీద కొత్తగా ఏదీ రాయనంతవరకు పాఠాలు అక్కడే ఉంటాయట. తిరిగి రప్పించవచ్చు. అన్నీ వస్తాయని మాత్రం చెప్పలేడు.

“కెమెరాలు పెడితే మాత్రం ఖతమక్కా. పొద్దుగూకంగ వచ్చి పెట్టమన్నడు అన్న. కోదాడ దుకాణంల మా ఇంటామె సరళ ఉంటది. పోయినయి తీసుడు పనంతా ఆమెదే. బోర్డు మీద పేరే నాది.”

అతను మిల్లుకు వెళ్లిపోయాడు. సుకన్య ఇవాళ్టి బిల్లు కూడా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి బల్ల మీద పెట్టింది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె విప్పింది. గోపమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసింది.

“దుకాణం నడిచే మిషిని విప్పుతున్నవేంది? వాడొచ్చి అడిగితె నేనేం చెప్పాలె?”

“మీరేం చెప్పొద్దత్తమ్మా. నేనే చెప్త.”

హార్డ్ డిస్కును చున్నీలో చుట్టి సంచిలో పెట్టుకుంది. కోదాడ బస్సు ఎక్కి సీటు దొరికాక సతీష్‌కు తనే ఫోన్ చేసింది. డిస్కు తన దగ్గరుందని, బిల్లులన్నీ పెన్ డ్రైవ్‌లో ఉన్నాయని, సోమవారం కోచింగ్ సెంటర్ వాళ్లు రమ్మన్నారని వరుసగా చెప్పింది. అతను విన్నాడు. పాఠాల గురించి ఏమీ అడగలేదు. కోదాడలో ఎవరున్నారని కూడా అడగలేదు.

“సాయంత్రం ఇంకో లారీ ఉన్నది. మర్యాదగ దిగి వాపస్ రా” అన్నాడు. ఆమె కండక్టర్‌ను కోదాడకు టికెట్ అడగడం విని మళ్లీ అన్నాడు. “డిస్కు తెస్తెనే ఇంటికి రా. లేకుంటె రాకు.”

కోపంలో అన్నాడా, ఆలోచించి అన్నాడా అని ఆమె మనసులో తూచుకుంది. గొంతులో కోపం లేదు.

“డిస్కు రేపు దానియేలుతోని పంపిస్త” అంది సుకన్య. “నేను వచ్చేది లేనిది సోమవారం క్లాసు చెప్పినంక చూస్త.”