ఒక్క మేకు

"వదిలేసి పారిపోయినవాడికి ఈ గోడ మీద చోటు లేదని నిన్ననే చెప్పాను," అన్నాడు బ్యాట్ క్రౌలీ, ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో కొడుతూ.

"పారిపోలేదు నాన్నా. పంపించేశారు."

"పెట్టె సర్దుకుంది ఎవరు? విమానం ఎక్కింది ఎవరు?"

"పొమ్మంటే ఎక్కక ఏం చేస్తాడు, రెక్క పట్టుకుని వేలాడతాడా?" అన్నాడు కొడుకు జెర్.

కూతురు డింప్నా ఇద్దరి కప్పుల్లోనూ టీ పోసి, తన కప్పు పొయ్యి పక్కనే పెట్టుకుని నిలబడి తాగింది. కూర్చుంటే మళ్లీ లేవాలి.

జెర్ చర్చి వాళ్ల పాతసామాన్ల సంతలో చట్రం కట్టిన ఫోటో ఒకటి కొనుక్కొచ్చిన దగ్గర మొదలైంది తగువు. పచ్చ జెర్సీ, నున్నగా కత్తిరించిన జుట్టు, ఎదుటివాడి మాట సగంలోనే కొట్టిపారేసేలాంటి చూపు. రాయ్ కీన్, ఐర్లాండ్ ఫుట్‌బాల్ జట్టు ఒకప్పటి కెప్టెన్. వీళ్ల కార్క్ ఊరి బిడ్డ, ఊరికి ఉత్తరాన ఉన్న ఈ కొండ మీదే పుట్టినవాడు. దాన్ని వంటింటి గోడకు పెట్టాలని జెర్ పంతం. ఆ గోడ మీద యేసు తిరుహృదయ పటం, దాని కింద ఎర్రదీపం, పక్కన అంతకుముందు తరం ఆటగాడు పాల్ మెక్‌గ్రా ఫోటో ఉన్నాయి. మెక్‌గ్రాను పెట్టింది బ్యాట్. గోడ పాతది, సున్నం పిండిలా రాలుతుంది. కొత్త మేకు కొడితే ఊడి చేతికొస్తుంది. పటానికున్నది కాక, గట్టిగా నిలిచిన మేకు ఒక్కటే, మెక్‌గ్రాది.

ఇది ఫోటోల గొడవ కాదని డింప్నాకు తెలుసు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మొదలవబోతుండగా కెప్టెన్ కీన్ కోచ్‌తో గొడవపడి, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, జట్టు సాధన కోసం దిగిన సైపాన్ దీవి నుంచి వెనక్కి వచ్చేసిన వేసవిలో దేశమంతా రెండుగా చీలింది. వాళ్ల ఇల్లూ చీలింది. తండ్రీ కొడుకూ ఒకే బల్ల దగ్గర తింటూ ఆ వేసవంతా మాట్లాడుకోలేదు. "ఉప్పు ఇటివ్వమను వాణ్ణి." "చెయ్యి చాపితే అందుతుందని చెప్పక్కా." రాయబారం డింప్నాది. ఉప్పు సీసా ఇప్పటికీ బల్ల మీద ఆమె వైపే ఉంటుంది.

"మధ్యాహ్నం పెద్దాడు మాసీ వస్తున్నాడు. బంగాళాదుంపలు ఎక్కువ వెయ్యమ్మాయ్," అన్నాడు బ్యాట్.

ఆమె కోటు తొడుక్కుని బయటపడింది.

డింప్నాకు యాభై ఏడేళ్లు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బలమైనవి. పొద్దున చర్చి తుడుస్తుంది, సాయంత్రం బడి తుడుస్తుంది. ఎంత రుద్దినా పాలిష్ వాసన వదలని చేతులు. మోకాళ్లు ఉబ్బి, వాటి మీద చర్మం సాగి మెరుస్తూ ఉంటుంది. అందుకే ఎండాకాలంలోనూ మందపాటి మేజోళ్లే. నేల మీదకు దిగడానికి ఆమెకో పద్ధతి ఉంది. ఎడమ చెయ్యి బెంచీ మీద ఆనించి, రబ్బరు పీటను కాలితో ముందుకు తోసి, కుడి మోకాలు ముందుగా దించి, ఎడమదాన్ని పళ్లు బిగబట్టి దించుతుంది. చూసేవాళ్లకు ప్రార్థనకు మోకరిల్లుతున్నట్టే ఉంటుంది.

ఆ రోజు బలిపీఠం మెట్లు తుడుస్తుండగా జేబులో ఫోన్ మోగింది.

"డింప్నా క్రౌలీగారేనా? ఎముకల ఆసుపత్రి నుంచండీ. రేపటి ఆపరేషన్ ఒకరు మానుకున్నారు. ఆ చోటు మీకివ్వగలం. సాయంత్రం ఆరింటికల్లా చేరాలి."

డింప్నా తడిగుడ్డ పిండింది. నీళ్లు బకెట్‌లో పడే చప్పుడు చర్చంతా వినిపించింది.

"మధ్యాహ్నం మూడులోపు చెప్పండి," అంది ఆ అమ్మాయి మెత్తగా. "ఇదివరకు రెండుసార్లు వద్దన్నారు మీరు. ఈసారీ కాదంటే పేరు తీసేస్తారు. మళ్లీ వరస చివర నుంచి రావాల్సిందే."

మొదటిసారి అమ్మ ఆఖరి రోజుల్లో ఉంది. రెండోసారి నాన్న తుంటి విరిగింది. వరస ఎంత పొడుగో డింప్నాకు చెప్పనక్కర్లేదు. ఆ వరసలో నిలబడే ఆమె జుట్టు నెరిసింది.

"ఏమన్నావ్?" అంది అవతలి వరసలో బెంచీలు తుడుస్తున్న బెర్నీ లూసీ.

"ఇంట్లో అడిగి చెప్తానన్నా."

"ఎవర్ని అడుగుతావ్, మీ నాన్ననా పోపునా? కాలెవరిదే తల్లీ?"

"ఆరు వారాలు బెర్నీ. నాన్నకు స్నానం ఎవరు చేయిస్తారు?"

"మీ జెర్‌కు చేతుల్లేవా? కార్క్‌లో సగం మందిని బస్సులో మోస్తాడు, ఒక్క ముసలాయన్ని మొయ్యలేడా?" బెర్నీ గుడ్డ దులిపింది. "సరేనను, అయిదింటికి కారేసుకుని వస్తా. వద్దనుకుంటే మాత్రం నాకు చెప్పకు. తిట్టి నోరు పాడుచేసుకోలేను, చర్చిలో."

కొండ మెట్లెక్కుతూ డింప్నా ఆ మాట నోట్లోనే తిప్పుకుంది. రేపు ఆపరేషన్. మూడే ముక్కలు: నేను వెళ్తున్నాను, నాన్నను చూసుకోండి, దుంపలు ఉడికాయి. మూడోది ఎన్నోసార్లు చెప్పిన మాటే. మిగతా రెండూ గొంతు దాటాలి.

భోజనానికి ఉప్పుమాంసం, క్యాబేజీ, పొట్టుతో ఉడికించిన దుంపలు. పెద్దన్నయ్య మాసీ టోపీ తీస్తూనే గోడ వైపు చూశాడు. "ఈ తగువింకా తెగలేదా? ఇద్దరూ కాదు. లియామ్ బ్రేడీ. ఎడమకాలితో బంతికి జోలపాడేవాడు."

"డబ్లిన్ వాడు," అన్నాడు బ్యాట్.

"మీ మెక్‌గ్రా పెరిగిందెక్కడ మరి?"

"మెక్‌గ్రా అందరివాడు."

"అట్లయితే జార్జ్ బెస్ట్ ఏం పాపం చేశాడు?" అన్నాడు జెర్.

"ఆయన ఆడింది ఉత్తర ఐర్లాండ్ వాళ్లకి. మనవాడని బెల్‌ఫాస్ట్ వెళ్లి అను. పళ్లు మిగిల్తే తిరిగిరా," అన్నాడు బ్యాట్.

"నాన్నా, పొద్దున ఫోనొచ్చింది," అంది డింప్నా.

"ఆవాలముద్ద ఇటివ్వమ్మాయ్. మెక్‌గ్రా సంగతి నీకేం తెలుసురా జెర్? మోకాళ్లలో గుజ్జు లేదు. కోతల మీద కోతలు. వారమంతా సాధన చెయ్యలేడు, మ్యాచ్ రోజు మాత్రం గోడలా నిలబడేవాడు. నొప్పని ఒక్కసారి నోరెత్తాడా? అదీ మగతనం. అదీ గొప్పతనం."

డింప్నా ఆవాలముద్ద అందించింది. గడియారం రెండు దాటి చాలాసేపయింది.

"నోరెత్తకపోవడం గొప్పేంటి? కీన్ నోరెత్తాడు," అన్నాడు జెర్. "గట్టినేల మీద, సామాను కూడా రాకుండా ఆడమన్నారు. ఇది తప్పని మొహం మీదే చెప్పాడు. ఈ దేశంలో ఎవడూ చెప్పడే ఆ మాట, సర్దుకుపోతాంలే అంటారు."

"నేను సాయంత్రం..." అంది డింప్నా.

"సర్దుకుపోయేవాళ్ల వల్లే ఈ ఇల్లు నిలబడింది," బ్యాట్ కర్ర నేలకేసి కొట్టాడు. "నీలాగా పెళ్లాన్ని వదిలి పెట్టె పట్టుకొచ్చినవాళ్ల వల్ల కాదు."

జెర్ మెడ ఎర్రబడింది. కుర్చీ వెనక్కి తన్ని లేచి, గోడ దగ్గరకు పోయి మెక్‌గ్రాను మేకు మీంచి తీశాడు. మాసీ అడ్డం పడి చట్రం పట్టుకున్నాడు. "ముందది కింద పెట్టరా, గాడిదా." ఇద్దరు నడివయసు మగాళ్లు ఒక ఫోటో కోసం పెనుగులాడుతుంటే, బ్యాట్ లేవలేక కర్ర పైకెత్తి గాలిలో ఆడించాడు. ఎర్రదీపం వణికింది. ఫోటో బల్ల మీద బోర్లా పడింది. గాజు చిట్లిన చప్పుడు సన్నగా వినిపించింది.

డింప్నా అలవాటుగా చీపురు కోసం వంగబోయింది. ఎడమ మోకాలు సగంలో పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని అలాగే ఆగింది. ముగ్గురిలో ఎవరూ ఇటు చూడలేదు. నెమ్మదిగా నిటారయింది. చీపురు ముట్టకుండా పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్లింది.

ఆమె ఫోన్‌లో ఆసుపత్రికి చెప్పింది రెండే మాటలు, బెర్నీకి ఇంకో నాలుగు. తిరిగొచ్చేసరికి జెర్ కీన్ ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాసీ గాజు ముక్కలు ఏరుతున్నాడు. బ్యాట్ ఖాళీ మేకు కేసి చూస్తున్నాడు.

"టీ పెట్టమ్మాయ్," అన్నాడు.

డింప్నా పొయ్యి దగ్గరకు వెళ్లలేదు. నడుం వెనక ఏప్రన్ ముడి విప్పుకుంది.

"రేపు నా మోకాలికి ఆపరేషన్. బెర్నీ అయిదింటికి వస్తుంది. ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు. అక్కణ్ణుంచి నేరుగా బెర్నీ ఇంటికే వెళ్తాను, అక్కడ మెట్లు లేవు." గొంతు పెంచలేదు. "నాన్నకు పొద్దున మాత్రలు తినకముందు, సాయంత్రంవి తిన్నాక. స్నానం మంగళ, శుక్రవారాలు. నీళ్లు ముందు మోచేత్తో చూడు జెర్. నువ్వు లేని పూట మాసీ చూస్తాడు."

"నేనా?" అన్నాడు మాసీ.

"నువ్వే."

బ్యాట్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఏ మోకాలు?"

"రెండూ నాన్నా. ముందు ఎడమది."

"ఎప్పట్నుంచి?"

"అమ్మ ఉన్నప్పట్నుంచి."

"చెప్పలేదేం? మెక్‌గ్రా..." అని మొదలుపెట్టి బ్యాట్ ఆగిపోయాడు. బోర్లా పడిన ఫోటో మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తియ్యలేదు.

"ఇద్దరిలో ఎవరు గొప్పో నాకు తెలీదు," అంది డింప్నా. "నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు కూడా."

ఆమె పైకెళ్లి రెండు నైటీలు, చెప్పులు, జపమాల సంచీలో సర్దుకుంది. కారు హారన్ మోగాక జెర్ గుమ్మం దాకా సంచీ మోసుకొచ్చాడు. ఏదో అనబోయి, "ఆ కేటిల్ మూత గట్టిగా నొక్కాలా అక్కా?" అని అడిగాడు.

"నొక్కి, కాస్త తిప్పాలి," అంది డింప్నా. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

తలుపు మూసుకున్న గాలికి తిరుహృదయ పటం ముందు దీపం రెపరెపలాడింది. పక్కన, ఇద్దరిలో ఎవరికీ దక్కని ఆ ఒక్క మేకుకు డింప్నా తగిలించి వెళ్లిన ఏప్రన్, ముందువైపు ఇంకా తడిగా, అటూ ఇటూ కొంచెం ఊగి ఆగింది.