గూటికి చేరని చీటీలు

రష్యన్, స్లావిక్ భాషల శాఖలో సాయంత్రం ఐదు కాగానే అటెండరు కిటికీలు మూసి, గదుల తలుపులన్నీ తెరిచేవాడు. పగలంతా గ్రంథాలయంలో చెల్లాచెదరైన పరిశోధన చీటీలు అప్పుడు లేచి, వరండా వెంట ఎగురుతూ, ఎవరి చీటీలు వారి బల్లకు చేరుకునేవి. మేత ముగించి వస్తున్న ఆవులకు దారి ఇచ్చినంత మామూలుగా అందరూ పక్కకు తొలగేవారు.

ఆచార్యుని చీటీలు మాత్రం ఆయన బల్లమీదే ఉండి కూడా పెట్టెలో కొట్టుకునేవి.

"ఏం సార్, ఇల్లు చేరినవాటికి ఇంకెక్కడికి ప్రయాణం?" అన్నాడు అటెండరు.

"పైన ఆ నిఘంటువు పెట్టు. పెద్దది."

చేతిరాత ఆయనదే. విషయం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న శిష్యురాలిది. రెండు వేరు వేరు మఠాల్లో దొరికిన పాత స్లావిక్ రాతప్రతులను ఒకే లేఖకుడు రాశాడని ఆమె మూడేళ్లు అక్షరం అక్షరం పోల్చి తేల్చింది. దిద్దమని ఇచ్చిన చీటీలను ఆయన ఎత్తిరాసుకొని, తన పేర వ్యాసం అచ్చువేయించుకున్నాడు. రాసిన చేతికే చీటీ లొంగుతుందని ఆయన నమ్మకం. చీటీ గుర్తుపట్టేది కష్టపడిన కళ్లనని అంతటి పండితుడూ గ్రహించలేదు. వ్యాసం అచ్చైన నాటినుంచి ఆమె నమస్కారం అందుకోవడం ఆయనకు బరువైంది.

మౌఖిక పరీక్షనాడు, సాయంత్రం ఐదు దాటాక, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"ఇదంతా మీ గురువుగారి వ్యాసంలో ఉన్నదేగా? ఆయన వండి వార్చింది నువ్వు మళ్లీ వడ్డిస్తే పట్టా ఎలా ఇస్తామమ్మా?"

"సార్‌నే అడగండి," అంది శిష్యురాలు.

గదిలో వదలడానికి ధైర్యం చాలక వెంట తెచ్చుకున్న పెట్టె ఆచార్యుని ఒడిలో అదురుతోంది. మూతను రెండు చేతులతో అదిమిపట్టాడు. కాసేపటికి చేతులు తీశాడు.

చీటీలు లేచి, పరీక్షకుని భుజం పక్కగా సాగి, ఆమె ముందు దొంతరగా వాలాయి. పరీక్షకుడు వాటిని చూశాడు, ఆచార్యుణ్ణి చూశాడు. తన కాగితంలో ఒక వాక్యం కొట్టివేశాడు.

"సరేనమ్మా. ఈ లేఖకుడు ఎక్కడివాడంటావ్?"

ఆమె మొదటి చీటీ అందుకుంది. ఎత్తిరాయడంలో గురువు వదిలేసిన ఒక గుర్తును కలంతో చేర్చి, చెప్పడం మొదలుపెట్టింది.