బాణలి కడిగే వేళ

మా ఇంటి వెనక వసారాలో కడలమిఠాయి చేస్తారు. కోవిల్‌పట్టిలో అది విశేషమేమీ కాదు. వేయించిన వేరుశనగ పప్పును బెల్లంపాకంలో కలిపి, పలకమీద పరిచి, గట్టిపడకముందే ముక్కలు కోసి పొట్లాలు కడతారు. నా భార్య అళగమ్మాళ్ నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని, తాను కూడా కూర్చుని ఈ పని చేయించేది. శివరాత్రి వచ్చే మాసి నెలలో ఆమె పోయింది. కర్మలు అయిన మరునాడు ఆ నలుగురూ మామూలుగా వచ్చి పొయ్యి వెలిగించారు. నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాను.

నలుగురిలో పెద్దది పేచ్చియమ్మాళ్. మా ఆవిడకు దూరపు వరసలో వదిన, నాకు అక్క. పాకం ముదురు చూడడం ఆమె పని. నీళ్లలో ఒక చుక్క వేసి, దాన్ని వేళ్ల మధ్య నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. ఆ చప్పుడు తనకు నచ్చితే తప్ప పప్పు పోయనివ్వదు.

పాకం వండిన బాణలిని వెంటనే కడిగితే శుభ్రపడదు. వేడినీళ్లు పోసి నానబెట్టాలి. సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి చివరి బాణలి నానుతూ ఉండేది. అది నానేలోగా పేచ్చియమ్మాళ్ నాకు టీ తెచ్చి ఇచ్చి గడపలో కూర్చునేది. బడిలో పిల్లలు ఏం తుంటరి చేశారని అడిగేది. పక్కవీధిలో ఎవరి మేక ఎవరి పూలచెట్టు తినేసిందో చెప్పేది. అళగమ్మాళ్ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత ఆమె లేచి బాణలి తోమేది, అన్నం మూతపెట్టి ఉంచేది, ఎప్పుడో వెళ్లిపోయేది.

ఎప్పుడో అనడానికి కారణం ఉంది. మావాళ్లలో, చావు జరిగిన ఇంటినుంచి వెళ్లేవాళ్లు ‘పోయొస్తా’ అని చెప్పరు. చెప్పకుండా లేచి పోవాలి. మా వీధిలో ఏడాది తిరిగేదాకా దీన్ని పాటిస్తారు. అందుకని ఆమె ఎప్పుడు వెళ్లిందో నాకు తెలిసేది కాదు. కాసేపటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉందని గమనించేవాణ్ణి. రోజు మొత్తంలో నేను ఎదురుచూసింది ఆమె ఉన్న ఆ కాసేపు కోసమే.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక సాయంత్రం కయత్తారు వైపునుంచి దుమ్ముగాలి వీస్తుండగా, నిరోషా నా దగ్గరకు వచ్చి నిలబడింది. నలుగురిలో చిన్నది. ఒకామె మానేస్తే, ఆమె చోట వైశాఖం తర్వాత పనిలో చేరింది.

“సార్, ఒకటి అడగొచ్చా?”

“అడుగమ్మా.”

“పేచ్చియత్త దినమూ ఇంటికి పోయేదానికి ఎప్పుడు లేస్తాది సార్?”

“నాకు తెలియదమ్మా. ఏం?”

“లేదు సార్, ఊరికే దా, ఊరికేనే.” చీరకొంగు వేలికి చుట్టుకుంది. “పాపను ఎదురింటి అవ్వ దగ్గర వదిలి వస్తాను. చీకటైతే అవ్వ వాకిట్లోకి వచ్చి తిడతా కూర్చొని ఉంటాది. పాప ఏడుస్తాది.”

“పని అయ్యాక వెళ్లవచ్చు కదా?”

“ఎట్ల పోయేది సార్? ఈ ఇంట్లో చెప్పి పోగూడదంటారు. చెప్పకుండా లేస్తే పని ఎగ్గొట్టి పారిపోయినట్ల ఉంటాది. అత్త లేస్తే దా మేమూ లేచేది.”

నేను వసారాలోకి చూశాను. మిగతా ఇద్దరూ చేటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే ఏరి పెట్టిన పప్పునే మళ్లీ ఏరుతున్నారు.

“వెళ్లమ్మా. పాప ఎదురుచూస్తుంటుంది,” అన్నాను.

ఆ ఆదివారం విరుదునగర్ బస్సెక్కాను. మా చెల్లెలి కూతురు సంగవి అక్కడ ఒక పప్పుమిల్లు ఆఫీసులో జీతాల పని చూస్తుంది. మాట దురుసు, మనసు మంచిది. నన్ను చూడగానే చిక్కిపోయానని చెప్పి పరోటాలు తెప్పించింది. తిననిచ్చి, నిరోషా చెప్పిందంతా నాచేత చెప్పించుకుని, తర్వాత మొదలుపెట్టింది.

“పని ఎన్నింటికి మొదలు మామా?”

“ఎనిమిదిన్నరకు. మధ్యాహ్నం గంటసేపు తిండికి. ఐదున్నరకు ముగుస్తుంది.”

“అది నువ్వు అనుకునేది. వాళ్లు లేచేది?”

నేను ఖాళీ పళ్లెం పక్కకు జరిపాను.

“సరి. నువ్వు చెప్పిన లెక్కకే వారానికి నలభై ఎనిమిది గంటలు నిండిపోతాయి. దానికి మించి ఉంటే ఓటీ. ఆ గంటకు రెండింతల కూలి ఇయ్యాలి.”

“ఉండమని నేను అడగలేదు సంగవీ.”

“ఉండొద్దని చెప్పినావా?”

“లేదు.”

“ఆ బాణలి ఎవరిది?”

“మనదే.”

“తెల్లారి అందులో పాకం కాచేది ఎవరి మిఠాయికి?”

“మన మిఠాయికే.”

“ఇంగేం. అడిగినా, అడగకపోయినా అది పని దా.”

“పేచ్చియక్క డబ్బు తీసుకోదు. నాకు తెలుసు.”

“వద్దని రాసి సంతకం పెట్టి ఇచ్చినా చెల్లదు మామా. చట్టం ఇయ్యమన్న కూలిని వదులుకొనేదానికి పనిచేసేవాళ్లకే వీలు లేదు. ఏంటికో చెప్పు, బడిలో పాఠం చెప్పే వాద్యారువి కదా.”

“నువ్వే చెప్పు.”

“ఒకరు కూలి లేకుండా ఊరికే ఉంటే పక్కన కూర్చున్నోళ్లు ఎట్ల లేస్తారు? పేచ్చి పెద్దమ్మకు నీమీద పాశం. సరి. నిరోషాకు ఏముండాది? భయం దా. రెండూ ఒక్కచోట కూర్చుంటే బయట నిలబడి చూసేవాళ్లకు ఒకటిగానే కనిపిస్తాది.”

“మేమంతా ఒక ఇంటి మనుషుల్లాగానే ఉంటామమ్మా.”

“మా ముదలాళీ దీవాళికి స్వీటు ఇచ్చేటప్పుడు ఇదే చెప్తాడు మామా,” అని పెద్దగా నవ్వింది. మిల్లు యజమానితో నన్ను పోల్చినందుకు నాకూ నవ్వు వచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన నవ్వు అది. సంగవి అది చూసి మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపింది.

“పనివేళలు గోడమీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టు. ముగిసిందని నువ్వే చెప్పు. వాళ్లు నోరు తెరిచి అడిగేదాకా ఉంచొద్దు. బాణలి కడగడం కూడా ఆ ఐదున్నర లోపల రావాలి.”

“అలాగైతే చివరి వాయి పాకం మానుకోవాలి.”

“మానుకో. అళగత్త ఉండినప్పుడు కూడా ఇంత చేస్తా ఉండినారా?”

లేదు. అళగమ్మాళ్ నాలుగున్నరకే పొయ్యి ఆర్పించేది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె పోయాక ఆ చివరి వాయిని చేర్చమని ఎవరూ అనలేదు. సాయంత్రం త్వరగా ముగియకూడదని పేచ్చియమ్మాళూ నేనూ, ఒకరికొకరు చెప్పుకోకుండా, చేర్చుకున్నాం.

సోమవారం వసారా గోడమీద వేళలు రాశాను. నాలుగున్నరకు పొయ్యి ఆర్పమన్నాను. బడిలో పెద్దసారును అడిగి, నా ఆఖరి పీరియడు ముందుకు జరిపించుకుని, ఐదున్నర లోపల ఇంటికి వచ్చి, “ఇవాళ్టికి పని అయిపోయిందమ్మా,” అని చెప్పాను. నిరోషా చెప్పులు చేత్తో పట్టుకునే వీధిలోకి పరుగెత్తింది. పేచ్చియమ్మాళ్ గోడమీది అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివింది. ఎప్పటిలాగే టీ పెట్టింది.

శనివారం కూలి ఇచ్చాను. గడిచిన సాయంత్రాలవి కూడా కలిపి నలుగురికీ ఇచ్చాను. ముగ్గురు తీసుకున్నారు. పేచ్చియమ్మాళ్ కవరు తెరిచి చూసి, నా ఒళ్లో పెట్టింది.

“ఇది ఏంది వాద్యారే?”

“సాయంత్రం బాణలి కడిగినందుకక్కా. చట్టప్రకారం నీకు రావలసిందే.”

“బాణలి కడిగేదానికా నేను ఉండింది?” ఆమె గొంతు పెంచలేదు. “అళగు లేని ఇంట్లో దీపం పెట్టే వేళకు ఒక మనిషి తిరగాడతా ఉండాలని ఉండినా. దానికి కూలి లెక్క కట్టినావా నువ్వు?”

“దానికి కాదు. బాణలికే.”

“ఏ నిమిషం బాణలిది, ఏ నిమిషం నీది? బోర్డుమీద గీత గీస్తావు కదా, గీసి చూపియ్యి చూస్తాము.”

“గీయలేనక్కా. గీయలేకే మొత్తం పనిలో వేశాను.”

“రొంబ బాగుండాది! పిలకాయలకు పాఠం చెప్పేదానికి దా నీకు నోరు. మనుషులతో మాట్లాడేదానికి రాదు.”

అది నిజమే. నిరోషా సంగతి చెప్పాను. పాప సంగతి, తిట్టే అవ్వ సంగతి, ఏరిన పప్పునే మళ్లీ ఏరడం.

“ఆ పిల్ల లేచి పోతే ఏం? నేనేం కాళ్లు కట్టేసినానా?”

“నువ్వు కూర్చుంటే వాళ్లు లేవరక్కా. నేనూ చూడలేదు. నువ్వు ఉండడం నాకు బాగుంది. అందుకే చూడలేదు.”

పేచ్చియమ్మాళ్ గడపలో కూర్చుంది. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. పాకం చుక్కలు పడి కాలిన పాత మచ్చలున్న చేతులవి.

“ఆ బిడ్డ దినమూ ఏడ్చిందా?” అంది.

“నిరోషా అలా చెప్పింది.”

“ఒక మాట నాతో చెప్పలేదే, కడుపులోనే పెట్టుకొనింది పిచ్చిది.” కవరు తీసి, లెక్క చూడకుండా నడుములో దోపుకుంది. “ఇది నీకోసం తీసుకొనేది కాదు. ఆ పిల్ల కోసం. పెద్దదాన్ని నేను వద్దంటే రేపు దానికి అడిగే నోరు ఉండదు.”

తర్వాత లేచి, నావైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆ మరుసటి వారమంతా ఐదున్నరకు అందరితోపాటే లేచింది. టీ పెట్టలేదు. పనిలో లోటు చేయలేదు. పాకం ఎప్పటిలాగే కుదిరింది. నేను ‘అయిపోయిందమ్మా’ అనగానే నలుగురూ కొంగులు దులుపుకుని వెళ్లేవారు. బాణలి బోర్లించి ఉండేది. దీపం నేనే పెట్టేవాణ్ణి. పిల్లల నోటుబుక్కులు దిద్దేవాణ్ణి. దిద్దిన పేజీనే మళ్లీ దిద్దుతున్నానని ఒకరోజు గమనించాను.

నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఇల్లు అలాగే ఉంది.

శుక్రవారం సాయంత్రం వాళ్లు వెళ్లిన కాసేపటికి చొక్కా వేసుకుని బయలుదేరాను. పేచ్చియమ్మాళ్ ఇల్లు ఎట్టయాపురం రోడ్డుకు దగ్గర, ఒక సందులో. ఇన్నేళ్లలో నేను ఆ ఇంటి గడప తొక్కింది వాళ్ల కూతురి పెళ్లికి మాత్రమే. ఏడాది తిరగని మనిషి, పిలవకుండా ఒకరి ఇంటికి పోవచ్చా అని సందు మొదట్లో నిలబడి ఆలోచించాను. ఆమె మా ఇంటికి ఎవరు పిలిస్తే వచ్చింది అని కూడా ఆలోచించాను.

ఆమె భర్త కుళందైసామి వాకిట్లో నులకమంచంమీద ఉన్నాడు. ఒకప్పుడు అగ్గిపెట్టెల కట్టలు లారీలకు ఎక్కించేవాడు. ఇప్పుడు నడుము వంగదు.

“వాద్యారా! రా సామీ, రా. ఏమే, ఎవరొచ్చినారో చూడు!”

పేచ్చియమ్మాళ్ లోపలినుంచి తొంగి చూసింది. చేతిలో మునగకొమ్మలున్నాయి.

“ఏం, పనేమైనా మిగిలిందా?” అంది.

“లేదక్కా. పని ఐదున్నరకే అయిపోయింది. ఊరికే వచ్చాను.”

“ఊరికేనా?”

“టీ తాగుదామని.”

ఆమె నన్ను ఒకసారి తేరిపార చూసింది. కుళందైసామి మంచంమీద జరిగి చోటిచ్చాడు. నేను అరుగుమీదే కూర్చున్నాను. టీ వచ్చింది. టీతోపాటు ఒక చేట, రెండు మునగకొమ్మలు కూడా నా ముందుకు వచ్చాయి.

“ఊరికే కూర్చొనేవాళ్లకు మా ఇంట్లో చోటు లేదు. ఆకు దుయ్యి. కానీ ఒకటి, దీనికి రెండింతల కూలి అడిగితే ఇచ్చేది లేదు.”

“ఏందే అది రెండింతలు?” అన్నాడు కుళందైసామి.

“అది మాకిద్దరికీ ఉండే తకరారు. నువ్వు టీ తాగు.”

నేను ఆకు దూయడం మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కూర్చుని తన కొమ్మ తీసుకుంది. నిరోషా కూతురిని మొన్న దారిలో చూశానని, నోట్లో నాలుగు పళ్లున్నాయని, తన వేలు కొరికిందని చెప్పింది. బడిలో ఈ వారం ఏమైందని అడిగింది. మా తరగతిలో ఒక పిల్లవాడు పరీక్ష కాగితంలో జవాబుకు బదులు క్షమాపణ రాశాడని చెప్పాను. కుళందైసామి నవ్వి నవ్వి దగ్గాడు.

చేటలో ఆకు పెరుగుతోంది.

“అళగు అయితే ఈ పాటికి రెండు కొమ్మలూ దూసి, పొయ్యిమీద పెట్టేసి ఉంటాది,” అంది పేచ్చియమ్మాళ్, తలెత్తకుండా.

నా చేయి ఆగింది. ఆమె చేయి ఆగలేదు.

“అవును,” అన్నాను. “వేళ్లు చాలా చురుకు.”

“నోరు అంతకన్నా.”

“అదీ అవును.”

“నన్ను ఎన్ని తిట్లు తిట్టింది తెలుసునా నీకు, ఒకసారి పాకం ముదిరిపోయిందని? నువ్వు ఇంట్లోనే ఉండినావు. పేపరు మొగానికి అడ్డం పెట్టుకొని ఉండినావు.”

“అన్నీ వినపడ్డాయక్కా. అందుకే పేపరు దించలేదు.”

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను చేట ఆమె వైపు తోశాను. ఆమె ఆకును వేళ్లతో కెలికి చూసి, ముఖం చిట్లించి, మళ్లీ నావైపే తోసింది.

“సగం కాడలే ఉండాయి కదా వాద్యారే! ఇది ఎవరు తినేది? మళ్లీ ఏరు.”