ఎర్ర పెయ్య వీలునామా

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ముందు ఇది వినండి. డబ్లిన్‌కి దూరంగా, పడమటి తీరాన మేయో జిల్లాలో, బెల్‌మలెట్ దగ్గర, అట్రాక్టా లాఫ్టస్ అనే అమ్మాయికి ఇంకో తొమ్మిది రోజుల్లో పెళ్ళి. పెళ్ళికొడుకు పక్క పొలం వాళ్ళబ్బాయి కోల్మన్ మనెలీ. కాబోయే అత్త ఊనా ఆమెను ఒకే ఒక్క కానుక అడిగింది.

"నాకు బట్టలూ నగలూ ఏమొద్దే పిల్లా. నువ్వు పాత కాయితాలు భలే తవ్వుతావుగా! మా ఆయన ముత్తాత థేడీ ఉరెక్కాల్సిన మనిషి కాదని ఒక్క ముక్క చూపించు, చాలు."

1882లో దొరగారి శిస్తు వసూలు చేసేవాణ్ణి ఎవరో కాల్చి చంపారు. ఆ నేరానికి థేడీని ఉరి తీశారు. ఇన్నేళ్ళైనా మనెలీలు చర్చిలో చివరి బెంచీ దాటి ముందుకు రారు.

"ఉరైన ఏడేళ్ళకి మా గేటుకి ఎవరో ఎర్ర పెయ్యను కట్టేసి పోయారట," అని ఊనా నవ్వింది. "దేవుడిచ్చింది కదా అని ఉంచుకోవచ్చుగా! థేడీ పెళ్ళాం తాడు విప్పి బురదనేలలోకి తోలేసిందట. అదృష్టం గుమ్మంలోకి వచ్చినా తరిమే వంశంలే మాది!"

అట్రాక్టాను పెంచింది చిన్నతాత ఫెస్టస్. ఎనభై నాలుగేళ్ళు. ఆయనది ఒకటే పాట.

"ఏం వెతుకుతావే? పందొమ్మిదొందల ఇరవై రెండు గొడవల్లో డబ్లిన్‌లో కాయితాల కచేరీ అంతా తగలబడింది. వీలునామాలన్నీ బూడిద. ఆ బూడిదలో చెయ్యి పెడితే మసే అంటుద్ది. పోయి టీ పెట్టు."

మా వైపు ఎవర్నడిగినా ఇదే మాట. నిజమే, అసలు వీలునామాలు కాలిపోయాయి. కానీ జిల్లా రిజిస్ట్రీ గుమాస్తాలు ప్రతి వీలునామానీ పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎత్తి రాసుకునేవాళ్ళు. ఆ పుస్తకాలకి నిప్పంటలేదు. ఇప్పుడు అవి కంప్యూటర్లో ఉన్నాయి!

ఆ శుక్రవారం మధ్యాహ్నం అట్రాక్టా కంప్యూటర్లో 'మనెలీ' అని కొట్టింది. ఏమీ రాలేదు. ఊరికే, సరదాకి, తన ఇంటిపేరు కొట్టింది.

పీటర్ లాఫ్టస్, రైతు, 1889, బల్లీనా రిజిస్ట్రీ. ఫెస్టస్‌కి ముత్తాత.

పేజీ తెరుచుకుంది. గుమాస్తా వాలు రాత. ఇల్లూ పొలమూ కొడుక్కి. మంచం భార్యకి. ఆ కిందే ఇంకో నాలుగు వరసలు:

'థేడీ మనెలీ భార్యకి నా ఎర్ర పెయ్య. నా కొడుకు దాన్ని తనే తోలుకెళ్ళి, మోకాళ్ళ మీద నిలబడి, ఆమె భర్త ఎవరి పాపం మోశాడో చెప్పి, నా తరఫున క్షమాపణ అడగాలి.'

అట్రాక్టా తెరకి దగ్గరగా వంగింది. మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు. పీటర్ కొడుకు మనెలీల గేటుకి పెయ్యనైతే కట్టాడు. నోరు విప్పాడో లేదో! కానీ ఆ పెయ్య ఎవరిదో చూసి థేడీ పెళ్ళానికి అర్థమైంది. అందుకే తోలేసింది.

వెనక కర్ర చప్పుడు.

"కాలిపోయిందన్నారే..." ఫెస్టస్ గొంతు పీలగా వచ్చింది.

"నీకు తెలుసా చిన్నతాతా?"

"మా నాన్న పోతూ పోతూ చెప్పాడు. కాయితం కాలింది, ఇంక ఈ మాట నీతోనే మట్టిలోకి పోవాలిరా అన్నాడు." ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మూసెయ్యవే తల్లీ. ఆ పిల్లాడు నిన్ను చేసుకుంటాడా ఇంక? నేను ఏ మొహం పెట్టుకుని చర్చికి పోను?"

"నేను మూస్తే మాత్రం? ఇది అందరికీ కనబడేదే. రేపు కోల్మనే మన పేరు కొట్టి చూస్తే?"

"ఎవడూ చూడడు. అంతా కాలిపోయిందనే అనుకుంటారు!"

బయట కంకర మీద కారు చక్రాలు కరకరలాడాయి. తలుపు కొట్టే అలవాటు లేని ఊనా, చేతిలో ఎండుద్రాక్షల రొట్టెతో లోపలికి వచ్చేసింది.

"ఏంటి, తాతా మనవరాలూ దయ్యాన్ని చూసినట్టున్నారు? ఏదీ, జరుగు. థేడీ కనబడ్డాడా?"

అట్రాక్టా అరచెయ్యి కంప్యూటర్ మూత మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే మూసుకుపోతుంది. వెనక ముసలాయన ఊపిరి బిగబట్టాడు. ఎదురుగా ఊనా కళ్ళజోడు తుడుచుకుంటోంది, చదవడానికి.

ఆ చెయ్యి మీదైతే ఏం చేస్తారు?