స్లాబు మీద మళ్లు

"దానికేముంది, ఇంద్రజ ఉంది గదా!" అన్నాడు రాజశేఖర్, కాఫీ గ్లాసు అందుకుంటూ. అందించింది అతని భార్య ఇంద్రజే. ఆమె ఎదురుగా నిలబడి ఉండటం ఆ మాటకేమీ అడ్డం రాలేదు.

ఆళ్లగడ్డలో వాళ్లు కట్టుకుంటున్న ఇంటికి ఆ ఆదివారం స్లాబు వేయాలి. ఆ సంగతి మాట్లాడుకోవడానికే రాజశేఖర్ మధ్యాహ్నమే ఎరువుల కొట్టు మూసి వచ్చాడు. అతని నాన్న నారాయణ, ఇంజనీరుగా పనిచేసే బావ జయప్రకాష్ కూడా కూర్చున్నారు. ఇల్లు కట్టడమంటే ఏది చెడితే ఏం చేయాలో ముందే అనుకోవడమని జయప్రకాష్ సిద్ధాంతం. నల్లరేగడి నేలని నమ్మలేమని గట్టి మొరం తగిలేదాకా గుంతలు తీయించింది అతనే. ఇప్పుడూ ఒక్కొక్కటే అడుగుతున్నాడు. వాన వస్తే? టార్పాలిన్లు తెచ్చిపెట్టాం. కరెంటు పోతే? జనరేటరుంది. అది మొరాయిస్తే? ఇంకోటి మాట్లాడిపెట్టాం. దిష్టి తగిలితే? బూడిద గుమ్మడికాయ ఉంది.

"స్లాబు పోసినాక రెండు వారాలు నీళ్లు ఆరకూడదు బామ్మర్దీ. ఈ ఎండలకి పొద్దుమానం ఒక మనిషి కనిపెట్టుకోనుండాల. ఎండిందో, పగుల్తాది" అన్నాడు జయప్రకాష్ ఆఖరున. దానికే ఆ జవాబు.

"నేనుండను. సోమవారం ల్యాబు ఇన్‌ఛార్జిగా చేరాల" అంది ఇంద్రజ.

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో ఆమె ఉద్యోగం. తడి కాగితాల మధ్య గింజలు పేర్చి, ఎన్ని మొలిచాయో చూసి, ఆ విత్తనం రైతుకి పనికొస్తుందో రాదో తేల్చడం పని. పదకొండేళ్లుగా ఇంకొకరి సంతకం కింద అదే చేస్తోంది. ఇప్పుడా సంతకం తనది కాబోతోంది.

"రెండు వారాలు లీవు పెట్టు" అన్నాడు రాజశేఖర్.

"సీజను మొదట్లో లీవు పెడితే ఆ కుర్చీ ఇంకొకరికిస్తారు. చెప్పినారు నాకు. కూలికి ఎవరినైనా పెట్టండి."

"కూలికొచ్చినోడు సొంతింటి మాదిరి చూస్తాడా?"

అత్త రామసుబ్బమ్మ వంటింట్లోంచే అందుకుంది. "ఉద్యోగం యాడికి పోతాది లేమ్మా. ఇల్లు మళ్లా మళ్లా కడతామా?"

అంతే. మాట మేస్త్రీలకి పెట్టే భోజనాల మీదికి మళ్లింది. బిర్యానీనా, పప్పన్నమా అన్నదానికి మాత్రం చాలాసేపు వాదులాట జరిగింది.

గ్లాసులు కడుగుతూ ఇంద్రజ ఆలోచించింది. కోపం రాలేదు. కోపం కూడా ఒక పనే, దానికీ తీరిక ఉండాలి. పునాది రోజుల నుంచీ ఇదే వరస. తెల్లారకముందే లేచి మోటారు వేసి గోడలు తడిపింది ఆమె. కమ్మీల లారీ వస్తే బస్సు వదులుకుని కాపలా కూర్చుంది ఆమె. టీలు మోసింది, మేస్త్రీ అలిగి పోతే బతిమాలి వెనక్కి పిలిచింది. ఇదంతా ఆమె చేసిన పనిలా ఎవరికీ కనపడలేదు, కొళాయి తిప్పితే నీళ్లొచ్చినంత మామూలుగా జరిగిపోయింది. రోజూ చీర కుచ్చెళ్లు తడిసి ముద్దయి, అట్లాగే బస్సెక్కి నంద్యాల పోయేది. ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే కృపావతి చూసి నవ్వేది. "ఏమక్కా, మళ్లా తడుపుకోనొచ్చినావా?" అనేది. ఇంద్రజా నవ్వేది, సిగ్గుపడుతూ. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గు తనెందుకు పడిందో అర్థం కాలేదు. ఎంత జాగ్రత్తపరులు వీళ్లు! జనరేటరు చెడితే ఇంకో జనరేటరు. ఇంద్రజ లేకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. వాన రావచ్చు, కరెంటు పోవచ్చు, ఇంద్రజ పోవడానికి వీల్లేదు.

ఆదివారం స్లాబు బాగా పడింది. వాన రాలేదు, జనరేటరు మొరాయించలేదు. పప్పన్నమే పెట్టారు, వండింది ఇంద్రజే.

సోమవారం పొద్దున్నే మేస్త్రీలు వచ్చి స్లాబు మీద సిమెంటు మాలుతో చిన్న చిన్న గట్లు పోసి, మళ్లు కట్టి, నీళ్లు నింపి పోయారు. అంతా పైకెక్కి చూశారు. నారాయణకి ప్రాణం లేచొచ్చినట్టయింది. చాగలమర్రి దగ్గర పొలం కౌలుకిచ్చాక ఆయన మడి అన్నది చూసి నాలుగేళ్లయింది. కొట్టు ముందు బెంచీ మీద పేపరు చదువుతూ పొద్దు పుచ్చుతున్నాడు.

"భలే కట్టినారప్పా! అచ్చం వరిమళ్ల మాదిరే ఉండాయి" అన్నాడు మురిసిపోతూ.

ఇంద్రజ ఉలిక్కిపడింది. ఆ మళ్ల వంక కొత్తగా చూసింది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు సద్ది తీసుకుని పొలానికి పోయింది. మడికి నీరు వదిలే మడవ తెగి నీళ్లు పక్క చేలోకి పోతున్నాయి, దగ్గర్లో ఎవరూ లేరు. చీర ఎగదోపి, పార తీసుకుని మట్టి వేసింది. మడవ నిలిచింది. మామ పరుగున వచ్చాడు. మెచ్చుకుంటాడనుకుంది. ఆయన పార లాక్కున్నాడు. "మా ఇంట్లో ఆడోళ్లు నీళ్లు కట్టేదేంది? నలుగురు చూస్తే నవ్వరా?" అన్నాడు. ఆ రాత్రి రాజశేఖర్ కూడా అదే చెప్పాడు. మా వంశంలో నీళ్లు కట్టేది మగోళ్లేనట, పార పట్టడం మగతనమట. ఆమె చేతికంటిన మట్టి ఆరకముందే ఆ పని గొప్పదైపోయి, ఆమెది కాకుండా పోయింది.

అదే నీళ్లు. అవే మళ్లు. పొలంలో ఉంటే మగోళ్ల పని, మిద్దె ఎక్కితే ఇంటిపని.

"ఊ, పట్టు" అని రాజశేఖర్ పైపు ఆమె ముందుకి చాపాడు. "ఆ మూల ఇంకుతాంది చూడు."

ఇంద్రజ హ్యాండ్‌బ్యాగు భుజానికి సర్దుకుంది.

"మామా, మన ఇంట్లో ఆడోళ్లు నీళ్లు కట్టరు గదా. ఆ పొద్దు నా చేతిలో పార తీసుకున్యారు. ఈ పైపు గూడా మీరే తీసుకోండి."

జయప్రకాష్ ఆకాశం వంక చూశాడు, అక్కడ మబ్బేమీ లేదు.

"ఎగతాళిగా ఉందా? నువ్వు పోతే స్లాబు పగుల్తాది!" రాజశేఖర్ గొంతు లేచింది.

"పగిల్తే మనందరి ఇల్లు పగుల్తాది. నా ఒక్కదానిదేం కాదు."

నిచ్చెన దిగుతుంటే భయం వేసింది, నిజంగానే. తను కోరుకున్న ఇల్లే అది, తూర్పు కిటికీ తనే అడిగి పెట్టించుకుంది. ఆ స్లాబు ఎండితే అందరికంటే ముందు ఏడ్చేది తనే. అయినా వెనక్కి తిరగలేదు. వీధి మలుపు దగ్గరికి వచ్చాక మామ గొంతు వినపడింది. "ఏందీరా అట్లా పట్టుకునేది? ఇట్లా ఇయ్యి! గట్టు కొట్టుకుపోతాంది!"

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

ల్యాబులో కృపావతి అలవాటుగా ఆమె కాళ్ల వంక చూసింది. చీర అంచు పొడిగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది.

"ఏమక్కా, ఈ పొద్దు తడవకుండా వచ్చినావే! ఇల్లు కట్టేది అయిపోయిందా?"

ఇంద్రజ కొత్త కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

"లేదు కృపా. మావాళ్లు ఈ పొద్దే మొదలుపెట్టినారు."